గోడ చెప్పిన సాక్ష్యం

క్యాబేజీకి మతి పోయిందని నేను అనొచ్చు. ముప్పై ఏళ్లుగా ఆయన గోడ పక్కన బతుకుతున్నదాన్ని, ఆ మాట అనడానికి నాకు హక్కుంది, రోజూ అంటూనే ఉన్నాను కూడా. అడిలైడ్ నుంచి కారేసుకొచ్చి రెండు పూటలు తిని వెళ్లినవాడు అదే మాట కాగితం మీద పెట్టి ట్రిబ్యునల్‌కి పంపిస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

మా మింటా రిడ్జ్‌లో ఓపల్ అనే రంగురాళ్లు తవ్వుకునేవాళ్లకు అసలు పేర్లుండవు. ఉండే ఉంటాయి, ఎవరూ వాడరు. లాండ్రీ నడుపుతాను కాబట్టి నన్ను సబ్బు అంటారు. మధ్యాహ్నం దాటాక పార ముట్టని మహానుభావుడు ఒకడున్నాడు, అతను అరపూట. క్యాబేజీ ఊరికి వచ్చిన కొత్తలో, కొండలో తొలిచిన తన ఇంట్లో దీపాల వెలుగులో క్యాబేజీ తోట వేస్తానని పందెం కాశాడు. ఒకే ఒక్క క్యాబేజీ కాసింది, పిడికిలంత. దాన్ని పట్టుకుని ఊరంతా తిరిగి చూపించాడు. ఆ రోజుతో ఆయన తల్లిదండ్రులు పెట్టిన పేరు మట్టిలో కలిసిపోయింది.

ఇక్కడ ఇంటిపేరు అడగడం మర్యాద కాదు. ఏ దేశం నుంచి వచ్చావు, ఎవరిని వదిలేసి వచ్చావు అని కూడా అడగరు. చెప్పాలనిపించినవాడు తాగినప్పుడు చెబుతాడు, విన్నవాడు తెల్లారేసరికి మరిచిపోతాడు. ఎవరైనా శుభ్రమైన బూట్లేసుకుని వచ్చి, ఫలానా పూర్తి పేరుగల మనిషి ఎక్కడుంటాడు అని ఆరా తీస్తే, ఆ మనిషి అసలు పుట్టనే లేదని చెప్పడం మా ఊరి ధర్మం. పన్నువాళ్లు, పోలీసులు, పాత పెళ్లాలు, ఎంతమందిని ఇలా వెనక్కి పంపామో. ఆ ధర్మం మమ్మల్నే ముంచుతుందని ఎవరికి తెలుసు.

క్యాబేజీకీ నాకూ మాటలు ఎందుకు లేవో చెప్పాలి. ఆయనకి ఉన్నట్టుండి ఇంకో గది కావాలనిపించింది. ఈ ఊళ్లో గది కావాలంటే ఇటుకలు కొనరు, యంత్రం పెట్టి కొండని తొలుస్తారు, దారిలో రాయి దొరికితే అదృష్టం. ఆయన తొలుచుకుంటూ తొలుచుకుంటూ వచ్చి నా వంటగదిలో తేలాడు. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. సామాన్ల అర మొత్తం కూలింది, దుమ్ములోంచి ఆయన తల బయటికొచ్చింది.

"ఇక్కడ వంటగది ఉందేంటి?" అన్నాడు.

క్షమించమని కాదు, దెబ్బ తగిలిందా అని కాదు. ఇక్కడ వంటగది ఎందుకుందని నన్నే అడిగాడు. పైగా నా మైదాపిండి, ఆయన మట్టి కలిసిన ఆ కుప్పలో పచ్చగా, నీలంగా మెరుస్తూ ఒక రాయి. నా గోడలోది కాబట్టి నాదని నేను. తన యంత్రానికి తగిలింది కాబట్టి తనదని ఆయన. ఊరు రెండు పార్టీలైంది. చివరికి రాయి ఆయన జేబులోనే ఉండిపోయింది. నేను మాట్లాడటం మానేశాను.

ఆ కన్నానికి ఒక రేకు కొట్టాడు. రేకు కూర వాసన ఆపలేదు, మాటలేం ఆపుతుంది. మాకు ముఖాముఖి మాటలు లేవు కాబట్టి ఎవరి ఇంట్లో వాళ్లం గోడకి చెప్పేవాళ్లం.

"కొంతమంది ఇంట్లో ఇవాళ కూడా క్యాబేజీ కూరేనట," అనేదాన్ని నేను.

"కొంతమందికి ముక్కు గోడకి ఆనించి కూర్చోవడం తప్ప పనేమీ లేదట," అనేవాడు ఆయన.

ఏనాడూ ఒకరి పేరు ఒకరం పలకలేదు. ఏ రోజైనా అటువైపు చప్పుడు లేకపోతే నాకు ఇటు వంట మీద మనసు ఉండేది కాదు. గరిటె తీసుకుని రేకు మీద రెండు వాయించేదాన్ని. "ఇంకా చావలేదు," అని జవాబు వచ్చేది. అప్పుడు స్టవ్ వెలిగించుకునేదాన్ని.

ఇలా హాయిగా తిట్టుకుంటూ ఉండగా ఆయన అక్క కొడుకు టోనీ వచ్చాడు. అడిలైడ్‌లో స్నానాల గదులకి టైల్స్ అమ్మే కొట్టు ఉంది అతనికి. మంచివాడే, ఆ సంగతి ముందే చెబుతున్నాను, తర్వాత నా నోటికి ఏమొస్తుందో నాకే తెలియదు. మామయ్య ఎనభై దాటాడు, కొండ బొరియలో ఒంటరిగా ఉన్నాడు, మోకాళ్లు పనిచేయడం లేదు అని బెంగపడి వచ్చాడు. చుట్టం వచ్చాడు కదా, మన గొడవలు అతని ముందెందుకని ఆ రెండు రోజులూ నేను నోరు మూసుకున్నాను. జన్మలో ఒక్కసారి మర్యాద పాటిస్తే దాని ఫలితం ఇలా అఘోరించింది.

నేను పలకకపోయేసరికి క్యాబేజీకి కంగారు పుట్టింది. భోజనం దగ్గర కూర్చుని రేకు వైపు తిరిగి అరవడం మొదలెట్టాడు. "ఏం, ఇవాళ నోరు పడిపోయిందా? కూర వాసన రావట్లేదా? ఏదో ఒకటి ఏడువు."

"ఎవరితో మాట్లాడుతున్నావు మామయ్యా?" అన్నాడు టోనీ.

"గోడతో," అన్నాడు క్యాబేజీ. నా పేరు పలకడు కదా, ఇంకేమంటాడు. "ఇన్నేళ్లలో ఎప్పుడూ ఇంతసేపు ఊరుకోలేదు. రోజూ తిడుతుంది."

"గోడ తిడుతుందా?"

"తిట్టడమా? వాయిస్తుంది కూడా."

ఇటు పక్క నేను నవ్వు ఆపుకోలేక నోట్లో మసిగుడ్డ కుక్కుకున్నాను. అప్పుడే ఒక్క కేక వేసి ఉంటే సరిపోయేది. నవ్వుకుంటూ కూర్చున్నాను. టోనీ మాత్రం నవ్వలేదు. పాపం, మామయ్య చేయి పట్టుకుని మంచినీళ్లు తాగించాడు.

వెళ్లిన కొన్నాళ్లకి ట్రిబ్యునల్‌కి అర్జీ పెట్టాడు. మామయ్య సొంతంగా నిర్ణయాలు తీసుకునే స్థితిలో లేడు, ఆయన తరఫున నిర్ణయించే అధికారం నాకివ్వండి, సముద్రం ఒడ్డున మంచి వృద్ధాశ్రమంలో గది చూశాను అని. అది ఒప్పుకుంటే క్యాబేజీ ఇల్లు, మంచం, పొద్దున్న ఏం తినాలో కూడా టోనీ చేతిలోకి పోతాయి.

ఇదంతా మాకు తెలియదు. మాకు తెలిసిందల్లా ఒక రోజు శుభ్రమైన బూట్లతో ఒకతను ఊళ్లోకి వచ్చాడని. లాండ్రీలోకి వచ్చి, "జ్వోనిమిర్ బారిషిచ్ అనే పెద్దాయన మీకు తెలుసా?" అన్నాడు.

ఆ పేరు ఎవరిదో నాకు తెలుసు. క్యాబేజీ చొక్కాలు ఉతికేది నేనే, మాటల్లేకపోయినా బట్టలు వస్తాయి కదా, ఆయన పాత కోటు లోపల ఆ పేరు కుట్టి ఉంటుంది. పన్నులవాడేమో అనుకున్నాను. "ఎప్పుడూ వినలేదు," అన్నాను. చొక్కా ఇస్త్రీ చేస్తూనే అన్నాను, ఆ చొక్కా కూడా ఆయనదే. మళ్లీ పన్నులవాడు వస్తే మళ్లీ అలాగే చెబుతాను. అతను పన్నులవాడు కాదు, అంతే. ట్రిబ్యునల్ పంపిన విచారణ అధికారి.

సంగతి నాకు ఎలా తెలిసిందంటే, గోడ ద్వారానే. మా వైపు ఊళ్లన్నీ తిరిగే ఒక వకీలమ్మ ఉంది, బ్రోన్‌విన్ అని. ముసలివాళ్ల కేసులే చూస్తుంది, ఫీజు పుచ్చుకోదు. నెలకోసారి గనివాళ్ల క్లబ్బులో బల్ల వేసుకుని కూర్చుంటుంది. మేము బిస్కెట్ల కోసం వెళ్లేవాళ్లం, దొంగచాటుగా న్యాయం కూడా కాస్త వినేవాళ్లం. ఆ రోజు ఆమె క్యాబేజీ ఇంటికే వచ్చింది. ఆ విచారణ అధికారి రాసింది ఆయనకి చదివి వినిపిస్తోంది.

"ఈయన పూర్తిగా ఒంటరి. గోడతో సంభాషిస్తారు. ఊళ్లో నేను కలిసినవారిలో ఈయన ఇప్పుడు ఇక్కడున్నారని ఎరిగినవారు ఒక్కరు కూడా లేరు," అని చదివింది.

అటువైపు కుర్చీ జరిగిన చప్పుడైంది.

"ఒక్కరు కూడానా?" అన్నాడు క్యాబేజీ.

ఆ గొంతు నేను ఎన్నడూ వినలేదు. రాయి కోసం తన్నుకున్నప్పుడు కూడా ఆయన గొంతు అలా చిన్నబోలేదు. చేతిలో గరిటె ఉంది, కొట్టడానికి చేయి రాలేదు. ఏప్రాన్ కూడా విప్పకుండా క్లబ్బుకి పరుగెత్తాను.

"బూట్లవాడికి ఎవరెవరు ఏం చెప్పారు?" అని అడిగాను.

అందరూ బీరు గ్లాసుల్లోకి చూశారు. "నేను తెలియదన్నాను," అన్నాడొకడు. "నేను యుగోస్లావియా తిరిగి వెళ్లిపోయాడన్నాను," అన్నాడు ఇంకొకడు.

"యుగోస్లావియా అనే దేశం ఇప్పుడు ఎక్కడుందిరా?" అన్నాను. "అరపూటా, నువ్వో?"

అరపూట గ్లాసు కింద పెట్టాడు. "నేను పోయాడని చెప్పాను."

"ఎక్కడికి?"

"పైకి. తాగి బావిలో పడ్డాడని చెప్పాను. నమ్మకంగా ఉండాలి కదా సబ్బూ. అతను టోపీ కూడా తీశాడు, పాపం."

"బతికున్నవాడికి ఆశ్రమంలో గది చూశారట," అన్నాను. సంగతంతా చెప్పాను. అక్కడున్న ముసలివాళ్లందరికీ తాగింది దిగిపోయింది. ఎవరికి వాళ్లకి తమ మేనల్లుళ్లు, మేనకోడళ్లు గుర్తొచ్చారో ఏమో. అప్పటికప్పుడు వెళ్లి క్యాబేజీ తలుపు కొడదామన్నారు. ఏ మొహం పెట్టుకుని కొడతారని అడిగితే ఎవరూ లేవలేదు. బ్రోన్‌విన్ వచ్చాక ఆమె కాళ్ల మీద పడ్డంత పని చేశాం.

ఆమెకి కోపం రాలేదు. తల పట్టుకుని నవ్వింది, తర్వాత నవ్వు మానేసి చెప్పింది. "ఆయన తన నిర్ణయాలు తాను తీసుకోగలడనే చట్టం మొదట అనుకుంటుంది. కాదని టోనీ రుజువు చేయాలి. కానీ మీరంతా కలిసి టోనీకి మంచి సాయం చేశారు. విచారణకి వచ్చి నిజం చెప్పండి. పూర్తి పేర్లతో చెప్పాలి."

పూర్తి పేర్లు అనేసరికి సగం మంది కుర్చీల్లో కదిలారు.

విచారణ క్లబ్బు హాల్లోనే. ట్రిబ్యునల్ తరఫున ఒక పెద్దావిడ వచ్చింది, తెల్ల జుట్టు, చెమటకి జారిపోయే కళ్లద్దాలు. క్యాబేజీ ఇస్త్రీ చొక్కాలో వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. మా ఎవరి వైపూ చూడలేదు.

మొదలే చెడింది. "ఇవాళ ఏం వారం బారిషిచ్ గారూ?" అని అడిగింది ఆమె.

"అది నేల పైన ఉండేవాళ్లకి కావాలి," అన్నాడు క్యాబేజీ. "నా ఇంట్లో కిటికీ లేదు. లేచినప్పుడు పొద్దున్న, పడుకున్నప్పుడు రాత్రి."

టోనీ బాధగా తల దించుకున్నాడు. ఆమె ఏదో రాసుకుంది. "మీ గోడ మీతో మాట్లాడుతుందని విన్నాను."

"మాట్లాడేది. ఈమధ్య తగ్గించింది."

బ్రోన్‌విన్ నా వైపు చూసింది. నేను లేచి నిలబడ్డాను. "మేడమ్, నా పేరు స్టమాటియా వ్లాహోస్," అన్నాను. ఊరంతా నా వైపు తిరిగింది. పక్క వరసలో ఎవరో, "ఆమె పేరు సబ్బు కదూ?" అన్నారు.

"మీకు ఈ కేసుతో సంబంధం ఏమిటి?" అంది ఆమె.

"ఆ గోడని నేనే."

ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. నేను మొదలుపెట్టాను. వంటగది, ఉల్లిపాయలు, మైదాపిండి, రేకు, గరిటె, చుట్టం వచ్చాడని నేను నోరు మూసుకోవడం, అన్నీ చెప్పాను. టోనీ నోరు తెరుచుకుని వింటున్నాడు. రాయి దగ్గరికి వచ్చేసరికి నా గొంతు పెరిగింది. "నా గోడలోంచి రాయి దొంగిలించిన మనిషి ఈయన," అన్నాను.

క్యాబేజీ దిగ్గున లేచాడు. "దొంగిలించలేదు. ఆ గోడ ఇద్దరిదీ. ఆవిడ వైపు మందం జానెడు, నా వైపు మూరెడు. రాయి తేలింది నా మూరెడులో. అప్పుడు ఆవిడ నీలం గౌను వేసుకుంది, స్టవ్ మీద పప్పు మాడుతోంది, నేనే కట్టేశాను. అది చెప్పదు."

నిజమే, కట్టేశాడు. నేను మరిచేపోయాను. అయినా ఊరుకుంటానా. "పొయ్యి కట్టేస్తే రాయి ఇచ్చేస్తారా?"

"రాయి సంగతి ఈ విచారణలోకి రాదు," అంది ఆమె. కానీ మమ్మల్ని కాసేపు ఆపలేదు. ఆయన జ్ఞాపకం ఎంత పదునుగా ఉందో చూస్తోందని బ్రోన్‌విన్ తర్వాత చెప్పింది.

ఆ పైన అందరూ వరసకట్టారు. ఒక్కొక్కరూ పూర్తి పేరు చెప్పడం, హాలంతా నవ్వడం. ఆరడుగుల మనిషి, ఎద్దు మెడంత మెడ, మా అరపూట పేరు, దొరబాబులా, పర్సివల్ అట. "ఈయన చనిపోయారని మీరే కదా చెప్పింది?" అని ఆమె అడిగితే, "అప్పుడు అలా అనుకున్నాను మేడమ్. ఇప్పుడు బాగానే ఉన్నాడు," అన్నాడు. ప్రతివాడూ క్యాబేజీ తనకెంత బాగా తెలుసో రుజువు చేయాలని ఆయన తప్పులన్నీ ఏకరువు పెట్టాడు. పేకాటలో మోసం చేస్తాడు. పాడితే కుక్కలు పారిపోతాయి. అరపూట గనిలో ఇరుక్కున్న రోజు అందరికంటే ముందు తాడు కట్టుకుని దిగి, పైకొచ్చాక ఆ సంగతి ఏడాదిపాటు చెప్పి ప్రాణం తీశాడు. క్యాబేజీ ఒక్కోదానికీ లేచి జవాబిచ్చాడు. కొన్ని ఒప్పుకున్నాడు. పేకాట సంగతి మాత్రం ఒప్పుకోలేదు.

చివరికి ఆమె కలం కింద పెట్టింది. అర్జీ కొట్టేస్తున్నానని చెప్పింది. బారిషిచ్ గారు తన ఇంట్లో తన ఇష్టప్రకారం ఉంటారంది. హాలంతా బల్లలు చరిచారు. ఆమె చేయెత్తింది.

"ఒక్క మాట. నిజంగానే ఏదో ఒక రోజు మీరు చెప్పుకోలేని స్థితి వస్తే, మీ తరఫున ఎవరు మాట్లాడాలో ఇప్పుడే మీరే రాసిపెట్టుకోవచ్చు. అలాంటి మనిషి ఎవరైనా ఉన్నారా?"

అరపూట కాలరు సర్దుకున్నాడు. టోనీ తలెత్తాడు. క్యాబేజీ లేచి నా వైపు వేలు చూపించాడు.

"ఆవిడ."

నేను వెనక్కి తిరిగి చూశాను. నా వెనక ఎవరూ లేరు.

"మామయ్యా, ఆవిడకి నువ్వంటే పడదు," అన్నాడు టోనీ. "నేను నీ అక్క కొడుకుని."

"అవున్రా. నేనంటే నీకు ప్రాణం, నాకు తెలుసు. అందుకే భయం. గది చూశావు, మంచం చూశావు, సముద్రం చూశావు. నన్ను ఒక్క ముక్క అడిగావట్రా? ఆవిడ అలా కాదు. ఉన్నావా చచ్చావా అని రోజూ అడుగుతుంది. నా జవాబు నచ్చకపోతే తిడుతుంది. తిట్టి మళ్లీ అడుగుతుంది. నోరు పడిపోయిన రోజున కూడా నన్ను అడిగే మనిషి కావాలి నాకు."

నాకు ఏడుపొచ్చింది. అంతమందిలో ఏడిపించినందుకు కోపమూ వచ్చింది. "మీకు సమ్మతమేనా?" అని ఆమె అడిగితే, తలూపడం తప్ప ఏమీ చేతకాలేదు. నా నోరు పడిపోవడం ఊరంతా అదే మొదటిసారి చూడటం.

బయట ఎండ మాడ్చేస్తోంది. టోనీ కారు తలుపు తీసి నిలబడ్డాడు. పక్కనే నా లాండ్రీ బండి ఉంది. క్యాబేజీ మెట్లు దిగి మోకాలు పట్టుకుని ఆగాడు. ఎక్కమని చెప్పబోయి నోరు మూసుకున్నాను.

"బండిలో వస్తావా, నడుస్తావా?" అన్నాను. ఆయన మొహం చూసి అడగడం అదే మొదలు.

ఆయన తాపీగా ఆకాశం చూశాడు, రోడ్డు చూశాడు.

"నడుస్తాను," అన్నాడు.

ఆ మోకాళ్లతో, ఆ ఎండలో. నోటికొచ్చినట్టు తిట్టాను. తిడుతూనే పక్కన నడిచాను. కాస్త దూరం వెళ్లాక వెనక కారు తలుపు వేసిన చప్పుడైంది.

"మామయ్యా, నేనూ రానా?" అని అడిగాడు టోనీ.

క్యాబేజీ ఆగి, వెనక్కి తిరిగి, మేనల్లుణ్ని పైనుంచి కిందికి చూశాడు. "రా," అన్నాడు.